పీకల్లోతు వరకే అనుమతి

"ఈ క్షణం నుంచి సముద్రంలో పైభాగం మాత్రమే ప్రజలది. కింది భాగం దేశానిది!"

దీవిలోని సైనిక స్థావరానికి అధిపతి అయిన కమాండరుగారు పరేడ్ గ్రౌండులో మైకు పట్టుకుని ఈ మాట ప్రకటించారు. అంత గంభీరమైన మాట ఆ దీవిలో అంతకుముందెవరూ విని ఎరగరు. సైనికులు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో తర్వాత ఒకరినొకరు అడుగుదామనుకున్నారు.

అందరికంటే ఆలస్యంగా చప్పట్లు కొట్టినవాడు డైవింగు మాస్టారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఎలా తిరగాలో సైనికులకీ వాళ్ళ ఇళ్ళవాళ్ళకీ నేర్పడం అతని ఉద్యోగం. చుట్టుపక్కల ఊరన్నది లేని ఆ దీవిలో సెలవు రోజున కాలక్షేపం అదొక్కటే. అందరూ అతన్ని ముద్దుగా 'బుడగలు' అంటారు.

సాయంత్రం కమాండరుగారు అతన్ని పిలిపించారు.

"ఉద్యోగం పోతుందని బెంగపెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను సార్."

"పోదు. ఇన్నాళ్ళూ జనాన్ని నీళ్ళలోకి దింపావు. ఇకనుంచి దిగకుండా చూస్తావు. అనుభవం వృథా పోకూడదు."

"ఎందుకు దిగకూడదని అడిగితే ఏం చెప్పమంటారు సార్?"

"భద్రత అని చెప్పు."

"ఎవరి భద్రత సార్?"

కమాండరుగారు కాసేపు నీళ్ళు నమిలారు. నమలడం మీద నిషేధం లేదు. "అది చెప్పేస్తే ఇంకా భద్రతేముంది?" అన్నారు చివరికి.

ఆ జవాబులోని లోతుకి సెల్యూట్ కొట్టి బుడగలు బయటికొచ్చాడు.

నిషేధించిన డైవింగంటే ఏమిటో తేల్చడానికి కమిటీ కూర్చుంది. ఈత వచ్చినవాళ్ళుంటే పక్షపాతం చూపిస్తారని రానివాళ్ళనే వేశారు. తల తడిస్తే డైవింగేనని వాళ్ళు ఏకగ్రీవంగా తేల్చి, పీకల్లోతు వరకు అనుమతించారు. మర్నాడే క్యాంటీను వంటవాడు రొప్పుకుంటూ వచ్చాడు.

"మాస్టారూ, ఎవరి పీక లెక్క? లెఫ్టినెంటుగారి పీకల్లోతంటే నా నెత్తి మీద జానెడు నీళ్ళుంటాయి!"

ఎంతైనా పెద్దాయన పీక కాబట్టి కమాండరుగారి పీకే లెక్కని కమిటీ చెప్పింది. కమాండరుగారు ఆజానుబాహువు. దాంతో పొట్టి వంటవాడికి నీటి అడుగున తిరిగే హక్కు చట్టబద్ధంగా వచ్చిపడింది. ఈ లొసుగు పూడ్చడానికి వంటవాడొక్కణ్ణీ సముద్రం నుంచే బహిష్కరించారు. బుడగలు మెళ్ళో విజిల్ వేసుకుని ఒడ్డున కాపలా కాశాడు. ఓ తాబేలు తల ముంచితే దానిమీదా ఊదాడు. అతని నిష్పాక్షికతని కమాండరుగారు మెచ్చుకున్నారు.

ఇంతలో బుడగలు భార్యకి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, ఆపరేషన్ తప్పదనీ, అవతలి ఒడ్డున పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలనీ స్థావరం డాక్టరమ్మ చెప్పింది. ఉన్నది ఒకటే బోటు. అది మంత్రిగారిని తీసుకురావడానికి వెళ్ళింది. నిషేధం విజయవంతమైన తీరుని కళ్ళారా చూడాలని మంత్రిగారు ముచ్చటపడ్డారు మరి. తీరా బోటొచ్చి జెట్టీకి ఆనుతుండగా దాని ప్రొపెల్లరుకి మోకు చుట్టుకుంది. ఇంజను మూలిగి ఆగిపోయింది.

బుడగలు పరుగెత్తుకొచ్చాడు. "సార్, కత్తి పట్టుకుని దిగానంటే పొయ్యి మీద పాలు పొంగేలోగా విడిపిస్తాను."

"ప్రొపెల్లరు నీటికి పైనుందా, కిందుందా?" అడిగారు కమాండరుగారు.

"కిందే సార్. పైనుంటే బోటు నడవదు."

"అయితే తప్పు దానిదే."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "సాక్షాత్తూ నా తిరుగు ప్రయాణం ఆగినా రూలు తప్పలేదు! ఇలాంటి అధికారులుంటే దేశం ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు సార్," అన్నారు కమాండరుగారు వినయంగా.

బోటుని పైకెత్తే క్రేను కావాలని రాజధానికి వైర్‌లెస్‌లో కబురు పంపారు. క్రేను సిద్ధంగా ఉంది, తీసుకెళ్ళడానికి మీ బోటు పంపండి అని జవాబొచ్చింది.

అప్పుడే డాక్టరమ్మ భుజం పట్టుకుని బుడగలు భార్య జెట్టీ మీదికొచ్చింది. నొప్పులు మొదలయ్యాయి. పెదవి కొరుక్కుంటూ మొగుడి మెళ్ళో విజిల్ వంక చూసింది.

"ఏమయ్యా, నువ్వు దిగుతావా, నన్ను దిగమంటావా?"

"రూలు ఒప్పుకోదే..."

"నీ బిడ్డ ఆగడానికి ఒప్పుకుంటుందేమో అడుగు."

బుడగలు విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టి, కత్తి అందుకుని దూకేశాడు. "పట్టుకోండి!" అని కమాండరుగారు కేక పెట్టారు. పట్టుకోవాలంటే తల ముంచాలి. సైనికులు రూలు పాటించి ఒడ్డునే నిలబడ్డారు.

బుడగలు ప్రొపెల్లరు దగ్గరికి చేరాడు. ఇన్నేళ్ళ అనుభవంలో నీళ్ళంటే అతనికి భయం వేసింది ఆ ఒక్కసారే. మోకుని పేట తర్వాత పేటగా కోసుకుంటూ పోయాడు. మోకు ఊడింది. ఊపిరి కోసం పైకి తన్నుకోబోతూ ఎందుకో కిందికి చూశాడు.

ఇసకలో కమాండరుగారి కొత్త జీపు ఉంది. సర్వీసింగుకి పంపామని అందరికీ చెప్పిన జీపు. రివర్సులో వచ్చి పడ్డట్టు మూతి జెట్టీ వైపుంది. బానెట్ మీద నక్షత్రాల పలక తళతళలాడుతోంది. స్టీరింగు దగ్గర ఓ లావుపాటి చేప అధికార దర్పంతో కూర్చుని ఉంది.

అతను పైకి తేలేసరికి కమాండరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏం చూశావ్?"

బుడగలు ఆయన్ని చూశాడు. నొప్పులు పడుతున్న భార్యని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి రాజకీయం అర్థమైంది.

"బోటు కదిలితే మర్చిపోతాను సార్."

"బోటు తియ్యండి! ముందు ఆ అమ్మాయిని ఎక్కించండి!" కమాండరుగారి గొంతు దీవి అవతలికి వినిపించింది.

మంత్రిగారు వంగి నీళ్ళలోకి చూడబోయారు. "ఇంతకీ కింద ఏముంది?"

"రహస్యం సార్," అన్నాడు బుడగలు.

"నాక్కూడానా?"

"ముఖ్యంగా తమరికి సార్," అన్నారు కమాండరుగారు.

బోటు కదిలింది. దారి పొడుగునా మంత్రిగారు సముద్రాన్నే చూస్తూ ఆలోచనలో తలమునకలైపోయారు. రూలు ప్రకారం అదీ నేరమే, కానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. ఆడపిల్ల. నర్సు ఆ మాట చెప్పగానే బుడగలు ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు మంత్రిగారు విలేఖరుల్ని వెంటేసుకుని వచ్చారు. పసిదాని బుగ్గ నిమిరి ఫోటో దిగారు. దేశరహస్యాన్ని గుండెల్లో దాచుకున్న వీరుడంటూ బుడగలు చొక్కాకి పతకం గుచ్చారు. అన్ని దీవుల్లోనూ, అన్ని రేవుల్లోనూ డైవింగు నిషేధిస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. మరోసారి చప్పట్లు మోగాయి.

తర్వాత బుడగలు తప్ప మిగతా అందర్నీ బయటికి పంపించారు. తలుపు మూశారు. కిటికీ కూడా మూశారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, నిద్రపోతున్న బాలింతకి మెలకువ రాకుండా గొంతు తగ్గించి అడిగారు.

"బాబూ, కింద దాచుకోడానికి ఇంకా చోటుందా?"