ఉడుము గట్టయ్య వారాంతాలు

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ కొసన కురిసిన వాన ఆ కొసవాళ్ళకు పుకారుగా మాత్రమే అందేంత పెద్ద అడవిలో, జంతువులకు ఆన్‌లైన్ ఆటల పిచ్చి పట్టుకుంది.

ఆన్‌లైన్ అంటే ఫోన్లూ టవర్లూ అనుకోకండి. సాలీళ్ళు చెట్టుకూ చెట్టుకూ మధ్య దారాలు లాగాయి. ఈ బండ మీద కూర్చుని దారం కదిపితే, రెండు కోసుల అవతల ఇంకో బండ మీద రాయి జరుగుతుంది. అంతకుముందు ఆట ఆడాలంటే ఎదురెదురుగా కూర్చోవాల్సి వచ్చేది. కూర్చుంటే ఒకరికి ఇంకొకరిని తినాలనిపించేది. ఎన్నో మంచి ఆటలు అలా మధ్యలోనే ఆగిపోయాయి. దారాలొచ్చాక ఆ బెడద తప్పింది.

ఆడేది పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి వెనకున్న ఖాళీలోకి దూకితే మేక పోయినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలనివ్వకపోతే పులులు ఓడినట్టు. ఈ ఆట సంగతి తెలిసి అసలు పులికి కోపం వచ్చింది. "మేకల చేతిలో నేను ఓడిపోయే ఆటకు నా పేరా?" అని గర్జించి, సభలకు రావడం మానేసింది. పేరు మారుద్దామంటే మేకల అభిప్రాయం కూడా అడగాలి కదా. అడవిలో మేకలేవి? పులి ఉన్నచోట మేకలుంటాయా? అందుకని పేరు అలాగే ఉండిపోయింది. సరే, అది వేరే కథ.

ఏటా ఎండాకాలంలో పోటీ జరిగేది. గెలిచినవాళ్ళకు ఆ వానాకాలం మొదలు మళ్ళీ పోటీ తేలేదాకా కొండ మీది గుహ. ఎంత వాన పడినా చుక్క కారని గుహ అది. లోపల ఒక నున్నటి రాయి ఉంది. పగలంతా గుమ్మంలోంచి పడే ఎండ తిని రాత్రంతా వెచ్చగా ఉంటుంది.

మూడేళ్ళుగా ఆ రాయి మీద పడుకుంటున్నది ఉడుము గట్టయ్య. ఆటలో విజేత ఆయనే. ఆటల సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. రెండు పదవులూ ఒకరికే ఎందుకని ఎవరో అడిగితే, "రెండు మెడలకు రెండు దండలు వెయ్యడం దండగ కదా" అన్నాడట.

నాలుగో ఏడు చివరి ఆటలో ఆయనకు ఎదురుపడింది ఏదుపంది సూరమ్మ. వాగు ఒడ్డున బొరియలో ఇద్దరు పిల్లలతో ఉంటుంది. కిందటేడు శ్రావణంలో బొరియలోకి నీళ్ళొస్తే పిల్లలను చెరో భుజాన ఎక్కించుకుని మూడు రోజులు నిలబడే ఉంది. ఏదుపంది భుజాన ఎక్కడమంటే ఏమిటో ఆ పిల్లలను అడగాలి. అందుకని ఆవిడ సరదాకు ఆడటం లేదు, గుహ కోసం ఆడుతోంది.

గట్టయ్యవి పులులు, సూరమ్మవి మేకలు. పదిహేను రోజులు తిరిగేసరికి, గట్టయ్య చూసినంతలో, రెండు పులులు బిగుసుకుపోయాయి. మూడో పులికి ఒక్కటే దారి ఉంది. అది మూలకు పోయే దారి. అక్కడికి పోతే మరుసటి ఎత్తులో సూరమ్మ మేక వచ్చి తలుపు మూసేస్తుంది.

ఎత్తు వేస్తే ఓటమి. వెయ్యకపోయినా ఓటమే. ఎందుకంటే నియమం ఒకటుంది. ఒక పొద్దుపొడుపు నుంచి మరో పొద్దుపొడుపు లోపల ఎత్తు వెయ్యాలి, లేకపోతే ఆట పోయినట్టే. దాన్ని కనిపెట్టి ఉండేది వడ్రంగిపిట్ట బ్రహ్మం. ఎండిన మద్దిచెట్టు మీద కూర్చుని గడియ గడియకూ ముక్కుతో కొడుతుంది. సొంత బావమరిదిని కూడా అరగడియ ఆలస్యానికి ఓడించిన పిట్ట అది. ఆ పండక్కి ఇంట్లో దానికి పిండివంటలు పెట్టలేదని చెప్పుకునేవారు.

గట్టయ్య రాయి మీద బోర్లా పడుకుని ఆలోచించాడు. ఆట గురించి కాదు, నియమం గురించి. మర్నాడు మధ్యాహ్నమే సంఘాన్ని సమావేశపరిచాడు.

"మిత్రులారా! శని ఆదివారాల్లో మన అడవిలోకి జీపులొస్తాయి. వాటినిండా మనుషులు. మనం దాక్కోవాలి, లేదా ఫోటోలకు నిలబడాలి. ఆ రెండు రోజులూ ఎత్తు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? కాబట్టి వారాంతంలో గడువు లెక్కపెట్టకూడదని నా ప్రతిపాదన. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు."

"రేపు శనివారం," అంది బ్రహ్మం.

"అవునా? నేను గమనించనే లేదు," అన్నాడు గట్టయ్య.

మాటలో న్యాయం లేకపోలేదు. అందరూ తలలూపారు. అంతటితో అయిపోతే ఇంత కథ ఉండేది కాదు. నెమలి లేచింది.

"జీపులొచ్చిన రోజుల్లో మీరంతా పొదల్లో ఉంటారు. పురివిప్పి ఆడేది నేను. శని ఆదివారాలు నాకు డ్యూటీ. మరి నా వారాంతం ఎప్పుడు? సోమ, మంగళవారాలు ఇవ్వాలి."

"ఇద్దాం," అన్నాడు గట్టయ్య, కాస్త తొందరగానే.

గుడ్లగూబ మేష్టారు గొంతు సవరించుకున్నారు. "మీ పగలు నాకు రాత్రి. అసలు నా వారం మీ వారంతో కలవదు. నా లెక్కలో వారాంతం బుధ, గురువారాల్లో పడుతుంది. ఎలాగంటే..."

"ఎలాగో వద్దు మేష్టారూ, ఇచ్చేశాం," అన్నారందరూ ఒక్క గొంతుతో. మేష్టారు లెక్క చెప్పడం మొదలుపెడితే సభ పూర్తయ్యేసరికి నిజంగానే వారాంతం అయ్యేది.

మిగిలింది శుక్రవారం. ఎలుగుబంటి బుచ్చిబాబు ఆవులించాడు. "నేను గురువారం ఇప్పపూలు తింటానయ్యా. శుక్రవారం తల ఎత్తలేను. తల ఎత్తలేనివాడు ఎత్తేం వేస్తాడు? మీరే చెప్పండి."

అదీ రాసుకున్నారు.

అప్పుడు గట్టయ్య అసలు మాట అన్నాడు. "ఒకరికున్న సెలవు ఇంకొకరికి లేకపోవడం అన్యాయం. మనది సమానత్వం ఉన్న అడవి. ఎవరి వారాంతమైనా ఎవరైనా వాడుకోవచ్చు. పొద్దున్నే తోకతో బండ మీద మూడుసార్లు కొట్టి చెప్తే చాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఉన్నదానికంటే సెలవులు పెరుగుతాయని చెప్తే చప్పట్లు కొట్టని సభ ఈ అడవిలోనే కాదు, ఎక్కడా లేదు.

సూరమ్మ ఒక్కతే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "గట్టయ్యన్నా, ఏడు రోజులూ అయిపోయాయి కదా. ఇంక వారం ఎక్కడుంది?"

"వారం ఎందుకమ్మా, వారాంతం ఉండగా?" అన్నాడు గట్టయ్య నవ్వుతూ.

మర్నాడు పొద్దు పొడవడానికి ఒక్క గడియ ముందు గట్టయ్య తోక మూడుసార్లు బండ మీద పడింది. "నేడు నాకు వారాంతం!" బ్రహ్మం ముక్కు చెట్టు మీద ఆగిపోయింది. గడువులో మిగిలిన ఒక్క గడియా అలాగే నిలిచిపోయింది. ఆదివారం ఆయన సొంత వారాంతం. సోమవారం, మంగళవారం నెమలిది. బుధ, గురువారాలు మేష్టారివి. శుక్రవారం బుచ్చిబాబుది. మళ్ళీ శనివారం వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఆట పూర్తికాలేదు కాబట్టి పాత విజేతే విజేత. గుహ గట్టయ్యదే. ఆయన రోజూ పొద్దున్న వారాంతం ప్రకటించి, వాగు దాకా షికారుకొచ్చి, సూరమ్మ బొరియ ముందే పీతలు పట్టుకు తినేవాడు.

"వారాంతం ఎలా ఉందన్నా?" అనేది సూరమ్మ.

"అలసిపోతున్నానమ్మా," అనేవాడు మూతి తుడుచుకుంటూ.

పడమటి దిక్కున మబ్బులు పోగవడం మొదలైంది. సూరమ్మ బొరియలో నేల చెమ్మగిల్లింది. చిన్నపిల్ల రోజూ అడిగేది, "అమ్మా, ఈసారి ఎవరి భుజం?" అని.

ఆవిడ ఏడవలేదు. గొడవా చెయ్యలేదు. తరువాతి సమావేశంలో చెయ్యెత్తింది.

"వారాంతం అందరికీ అవసరమే. నాకేమీ పేచీ లేదు. కానీ వారాంతం అన్నాక వారాంతంలా ఉండాలి. ఎత్తు వెయ్యలేనంత అలసిపోయిన మనిషి బయట తిరిగితే ఆరోగ్యం ఏం కాను? మన అధ్యక్షుడిని చూస్తే నాకు దిగులుగా ఉంది. కాబట్టి వారాంతం ప్రకటించినవాళ్ళు ఇల్లు కదలకూడదు, వేటాడకూడదు, తినడానికి కూడా శ్రమపడకూడదు. గడప దాటితే వారాంతం తెగిపోయినట్టే."

అడవిలో 'మనిషి' అన్నదేమిటా అని మీకు అనుమానం రావచ్చు. ఏదుపందులు అలాగే మాట్లాడతాయి.

"ఎంత శ్రద్ధ!" అంది నెమలి కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు ఎలాగూ శుక్రవారం కదలాలని ఉండదు," అన్నాడు బుచ్చిబాబు.

అందరూ గట్టయ్య వైపు చూశారు. వద్దంటే తను అలసిపోలేదని ఒప్పుకున్నట్టవుతుంది. పైగా ఆయనకు తన జాతి మీద నమ్మకం. ఉడుము ఒకసారి కడుపునిండా తింటే నెల రోజులు ఏమీ తినకుండా ఉండగలదు. పట్టు పట్టిందా, తాడు కట్టి లాగినా రాదు. "సరే, రాసుకోండి," అన్నాడు.

ఆ సాయంత్రం పదకొండు గుడ్లు, ఇరవై పీతలు తిని గుహలోకి దూరాడు. గుమ్మం దగ్గర కాపలాకు గోరింక జంటను పెట్టారు. కాపలా అంటే కాపలా కాదు, పరామర్శ. గంటకోసారి లోపలికి తొంగిచూసి, "బాబాయ్, విశ్రాంతి బాగా జరుగుతోందా?" అని అడిగేవి. ఆ అడగడంలోనే సగం బలం పోయేది.

పది రోజులు బాగానే గడిచాయి. పన్నెండో రోజు నున్నటి రాయి గుడ్డులా కనిపించింది. పదిహేనో రోజు నాకి చూశాడు, గుడ్డు కాదు. పద్దెనిమిదో రోజు గోరింకలు తమ పిల్లలకు పురుగులు తెచ్చి గుమ్మంలోనే తినిపించాయి. గట్టయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బాబాయ్, పోనీ ఎత్తు వేసెయ్యకూడదా?" అంది ఆడ గోరింక జాలిగా.

"ఎలా వేస్తానమ్మా? వారాంతం కదా!"

పంతొమ్మిదో రోజు మొదటి వాన పడింది. చిన్న వానే. పొద్దుపొడుపు వేళకు ఆగిపోయింది. మట్టి వాసన గుహలోకొచ్చింది. గట్టయ్య అలవాటు ప్రకారం తోక మూడుసార్లు కొట్టి, "నేడు నాకు వారాంతం," అన్నాడు. గొంతు ఆయనకే సరిగా వినపడలేదు.

అప్పుడు లేచాయి ఉసిళ్ళు.

గుహ ముందున్న పుట్టలోంచి పొగలా లేచాయి. వేలు కాదు, లక్షలు. కొత్త రెక్కలు, వెన్నలాంటి ఒళ్ళు. కొన్ని గుమ్మం దాకా వచ్చి, గట్టయ్య ముక్కుకు బెత్తెడు దూరంలో రెక్కలు రాల్చుకుని, గడపకు అవతలి వైపు కులాసాగా నడవసాగాయి.

గట్టయ్య కళ్ళు మూసుకున్నాడు. పట్టు గుర్తు చేసుకున్నాడు. మూడేళ్ళ పదవి గుర్తు చేసుకున్నాడు. వెచ్చటి రాయి గుర్తు చేసుకున్నాడు. ఆ తరువాత ఏమైందో ఆయనకు గుర్తు లేదు. తెలివొచ్చేసరికి పుట్ట మీద ఉన్నాడు. నోటినిండా ఉసిళ్ళు, గడ్డం నిండా రెక్కలు.

"వారాంతం తెగింది!" అని అరిచాయి గోరింకలు.

అవతల మద్దిచెట్టు మీద టక్కున శబ్దమైంది. బ్రహ్మం నలభై రోజుల తరువాత గొంతు విప్పింది. "గట్టయ్యగారూ! మీకు మిగిలింది ఒక్క గడియ!"

"అయ్యా బ్రహ్మం, నోట్లో ముద్ద ఉంది..."

"నియమాల్లో ముద్ద లేదండీ."

టక్. టక్. ఉసిళ్ళు అయిపోవస్తున్నాయి. గాలి తిరిగితే ఒక్కటి కూడా మిగలదు. గట్టయ్య తినుకుంటూనే బండ దగ్గరికి పరిగెత్తాడు. ఆట గీసిన పలక వైపు చూడకుండానే మూడో పులి దారం పట్టి మూలకు లాగేసి, మళ్ళీ పుట్ట మీదికి పరుగు తీశాడు. వాగు ఒడ్డున ఒక మేక కదిలింది. తలుపు మూసుకుంది. ఆట అయిపోయింది.

మధ్యాహ్నానికల్లా సూరమ్మ పిల్లలతో గుహకొచ్చింది. పిల్లలు రాయి మీదెక్కి దొర్లారు. సాయంత్రం నిజమైన వాన వచ్చింది. వాగు పొంగి పాత బొరియ కనిపించకుండా పోయింది.

అంత వానలోనూ ఒక ముసలి కోతి గట్టయ్య బండ దగ్గర తాటాకు నెత్తిన పెట్టుకుని పలక వైపే చూస్తూ కూర్చుంది. గట్టయ్య పక్కన రాతిచాటున తడుస్తున్నాడు.

"గట్టయ్యా," అంది కోతి, "నీ రెండో పులి పక్కన మేక ఉంది. దాని వెనక చోటు, సూరమ్మ చివరి మేక వచ్చి కూర్చునేదాకా, ఖాళీగానే ఉంది. ఒక్క దూకు దూకితే మేక పోయేది, అక్కడినుంచి ఇంకోటి, అక్కడినుంచి ఇంకోటి. ఆట నీదే. ఈ నలభై రోజులూ ఆ ఎత్తు ఇక్కడే ఉంది కదయ్యా. చూడలేదా?"

గట్టయ్య పలక వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. మీసం లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే పీక్కునేవాడు.

"చూడ్డానికి నాకు తీరికేది?" అన్నాడు చివరికి. "ఒక్క రోజైనా ఖాళీ ఉందా? అన్నీ వారాంతాలే కదా!"

నీతి: ఎదుటివాడు గడువు అడిగితే అడిగినంతా ఇచ్చెయ్యండి, ఇంకాస్త గడువు ఎలా అడగాలా అని ఆలోచించడానికే అతనికి ఆ గడువంతా సరిపోతుంది.