గాజుపెట్టెలో పెద్దమ్మ ఫైలు

"పేదవాడికి న్యాయం అందిందా లేదా అన్నది చిన్న విషయం. అందించడానికి చేసిన కృషి చరిత్రగా భద్రపడిందా లేదా అన్నదే నాగరికతకు గీటురాయి" అని చరిత్ర పరిరక్షణాధికారి గారు మా గుమ్మంలో నిలబడి ప్రకటించే సమయానికి, మా పెద్దమ్మ ఒక నల్లకోటు మీద నీళ్లు చిలకరించి దాని కుడిచేతి ముడతలు ఇస్త్రీపెట్టెతో సాపు చేస్తోంది. ఆ కోటు ఆమె కేసును ఉచితంగా వాదించే వకీలు గారిది. ఆయన ఫీజు తీసుకోరు, ఈమె ఇస్త్రీకి తీసుకోదు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఏర్పాటులో ఒక్క పొరపాటు జరగలేదు. (కేసు సంగతి వేరు.)

కేసు మేముంటున్న రెండు గదుల గురించి. ఖాళీ చెయ్యమని యజమాని కొడుకు అంటాడు. బతికున్నంత కాలం ఉండొచ్చని అతని తండ్రి సంతకం పెట్టి ఇచ్చిన కాగితం ఉందని పెద్దమ్మ అంటుంది. ఆ కాగితం ఉచిత న్యాయ సహాయ కార్యాలయంలో, ఆమె ఫైల్లో ఉంది. గురువారం ఆఖరి వాయిదా. కాగితం చూపిస్తే గదులు ఉంటాయి, చూపించకపోతే పోతాయి. ఇంత తేలికైన కేసు కాబట్టే ఇరవై ఆరేళ్లు పట్టింది.

అధికారి గారు శుభవార్త చెప్పడానికి వచ్చారు. నాలుగో నిబంధన ప్రకారం పాతికేళ్లు దాటిన ఫైలు ఏదైనా చరిత్రే. న్యాయ సహాయ కార్యాలయంలో అలాంటివి పదకొండు దొరికాయి. పదకొండూ ఇంకా నడుస్తున్న కేసులే. (పూర్తయిన కేసుల ఫైళ్లను, చోటు చాలక, ఎప్పటికప్పుడు తూకానికి వేశారు.)

"మీ ఫైలు మా కొత్త ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో పెట్టామమ్మా. పైన లైటు కూడా వేశాం."

"వేస్తే వేశారు గానీ నాయనా, గురువారం వాయిదా ఉంది. అందులో కాగితం కావాలి."

"పెట్టె తెరిస్తే తేమ పట్టేస్తుందమ్మా."

"తేమకేం భయం? ఇస్త్రీపెట్టె నా దగ్గరే ఉందిగా. ఆరబెట్టి ఇస్తా."

అధికారి గారు మురిసిపోయి ఈ మాటను 'పేదల హాస్యం' అన్న శీర్షిక కింద రాసుకున్నారు.

ఇంతలో కోటు కోసం వకీలు గారు వచ్చారు. సంగతి విని, పోనీ నకలైనా ఇమ్మన్నారు. నకళ్లు పరిశోధకులకు మాత్రమేనని అధికారి గారు వివరించారు. ఒక కేసులో ఇరవై ఆరేళ్లు తిరిగినంత మాత్రాన ఎవరూ ఆ కేసు మీద పరిశోధకులు అయిపోరు కదా.

"ఇదేం అన్యాయమండీ!" అన్నారు వకీలు గారు.

"మీరూ చరిత్రలో భాగమే సార్. అసలు మీ కోటు కూడా అడుగుదామనుకుంటున్నాను. పక్క పెట్టె ఖాళీగా ఉంది."

వకీలు గారు కాసేపు కోటు వైపు చూశారు.

"పేరు పెద్దక్షరాల్లో వేస్తారా?"

పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కోటు మడిచి, అధికారి గారి చేతికే ఇచ్చింది. "కాలర్ లోపలివైపు చిరుగుంది, జాగ్రత్త" అని మాత్రం చెప్పింది.

గురువారం పొద్దున ప్రదర్శనశాల ప్రారంభం. ముఖ్య అతిథి జడ్జిగారు. రిబ్బను కత్తిరించి, పదకొండు పెట్టెలూ తిరిగి, పెద్దమ్మ ఫైలు దగ్గర ఆగి, తెరిచి ఉంచిన ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి సంతకం దాకా పైకి చదివారు.

"అదేనయ్యా నా కాగితం!" అని జనానికి అడ్డంగా కట్టిన తాడు వెనకనుంచి పెద్దమ్మ అరిచింది.

"గాజు మీద చెయ్యి వెయ్యొద్దమ్మా, మరకలు పడతాయి" అన్నాడు కాపలావాడు.

ఆ కాలం చేతిరాతే వేరని మెచ్చుకుని జడ్జిగారు ఫలహారానికి వెళ్లారు. మధ్యాహ్నం అదే జడ్జిగారు, ప్రతివాది ఎలాంటి కాగితమూ చూపించలేకపోయింది కనుక గదులు ఖాళీ చెయ్యాలని తీర్పు చెప్పారు. ముఖ్య అతిథిగా చూసినదాన్ని న్యాయమూర్తిగా చూసినట్టు భావించకూడదు. ఇలాంటి నిష్పాక్షికత ఈ రోజుల్లో అరుదు. వకీలు గారు వాదిద్దామనే లేచారు గానీ, కోటు లేకుండా వాదించడం నిబంధనలకు విరుద్ధం.

ఖాళీ చేసే రోజు అధికారి గారు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చారు. కేసు ముగిసింది, ప్రదర్శనకు ఆఖరి ఘట్టం ఒక్కటే లోటు.

"అమ్మా, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి ఇటు చూడండి. న్యాయ సహాయం మీ జీవితంలో తెచ్చిన మార్పు గురించి రెండు ముక్కలు చెప్పండి."

పెద్దమ్మ తడివేలితో ఇస్త్రీపెట్టె చల్లారిందో లేదో చూసుకుంది. దాన్ని చంకన పెట్టుకుని, గుమ్మం దాటి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయింది.

ఆ ఫోటో ఇప్పుడు నల్లకోటు పక్కనే ఉంది. కింద ఇలా రాశారు: 'ఉచిత న్యాయ సహాయం పొంది, ఆనందంతో నోట మాట రాని లబ్ధిదారు.'