కార్పెట్ కింద వైరు

"వినపడని పాప ఈ గడ్డమీద ఉండకూడదు. ఇది నా శపథం!" అని ఏడాది కిందట మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ శపథం ఆఖరి అక్షరం దాకా అందరికీ వినిపించిందంటే అందులో నా కష్టమూ కొంత ఉంది. మంత్రిగారి సభలకు మైకు సెట్టు నాదే. నన్నందరూ మైకు అనే పిలుస్తారు.

మంత్రిగారు జనం మాట వినడానికే పుట్టిన మనిషి. నెలనెలా 'వింటున్నాం' కార్యక్రమం పెడతారు. వేదిక మీద ఆయన మైకు, ముప్ఫై అడుగుల దూరంలో జనం మైకు. జనం మైకుకి పచ్చలైటు వెలుగుతుంది గానీ, దాని వైరు కార్పెట్ కిందికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. అది పీఏగారి ఏర్పాటు.

"సార్ మనసు సున్నితం మైకూ, ఎందుకు కష్టపెట్టడం?" అన్నారాయన.

మూడేళ్లుగా జనం చెప్పుకుంటున్నారు, మంత్రిగారు తలూపి "విన్నానమ్మా, చర్యలు తీసుకుంటాం" అంటున్నారు. ఒక్కరినీ మధ్యలో ఆపి ఎరగరు. అంత ఓపిక నేనెక్కడా చూడలేదు.

ఆ రోజు లైన్లో ఒక టైలరమ్మ, ఆమె చంకలో పాప, పక్కన చెవి పరీక్షలు చేసే మేడమ్ ఉన్నారు. వాళ్లు రావడం ఇది మూడోసారి. మంత్రిగారి శపథంతో మొదలైన ఉచిత చెవి ఆపరేషన్ల పథకం ఐదేళ్లలోపు పిల్లలకే. పాపకి వచ్చే వారం ఐదు నిండుతాయి.

"మీ అప్లికేషన్ ఆఫీసువాళ్లు ఎందుకు కొట్టేశారమ్మా?" అన్నాను.

"దీని చెవి పనిచేస్తోందటన్నా! ఫారంలో చెవికే గడి ఉందట, నరానికి లేదట."

మేడమ్ అందుకుంది. "చెవి శబ్దాన్ని పట్టుకుంటుందండీ. అక్కణ్ణుంచి లోపలికెళ్లే నరంలోనే తేడా. మాట ముక్కలుముక్కలుగా చేరుతుంది. ఆపరేషన్ చేసి, నరానికి నేరుగా శబ్దం పంపే మిషన్ పెడితే ఈ పాపకి పనికొస్తుందని పరీక్షల్లో తేలింది."

"అంటే మైకు బాగానే ఉంది, వైరు దగ్గర పేచీ."

"అబ్బ! ఆఫీసులో ఆరు నెలలుగా చెబుతున్నాను. మీకు నిమిషంలో అర్థమైంది."

నాకు సిగ్గేసింది. పాప నా మిక్సర్ మీది లైట్లు చూసి నవ్వుతోంది. వంగి, కార్పెట్ లేపి, వైరు తగిలించాను.

"అయ్యా!" అంది టైలరమ్మ. హాలు అదిరింది. మంత్రిగారు కుర్చీలో ఎగిరిపడ్డారు.

"ఏంటయ్యా ఆ శబ్దం?"

"జనం సార్," అన్నారు పీఏగారు.

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?"

"అయ్యా, రెండుసార్లొచ్చాను. రెండుసార్లూ విన్నానన్నారు. ఏం విన్నారో చెప్పండయ్యా!"

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. మంత్రిగారు చెమట తుడుచుకుని, ఫారం తెప్పించి, స్వహస్తాలతో నరానికో గడి గీసి, సంతకం పెట్టారు. 'గడి గీసిన మహానుభావుడు' అని మర్నాడు పేపర్లు రాశాయి. ఆ వెంటనే 'వింటున్నాం' కార్యక్రమానికి రెండు నెలలు విరామం ప్రకటించారు.

ఆపరేషన్ అయ్యాక మిషన్ ఆన్ చేసే రోజున టైలరమ్మ నన్నూ పిలిచింది. చిన్న గది, తలుపులు మూసి ఉన్నాయి.

"మొదట్లో భయపడతారు, కొందరు తీసేయమని గోల చేస్తారు. మెల్లిగా అలవాటవుతుంది," అంది మేడమ్.

"తల్లీ..." అంది టైలరమ్మ.

పాప ఉలిక్కిపడి భోరుమంది. తల్లి కంగారుగా చెవి వెనక తగిలించిన మిషన్ తీయబోతే ఆ చెయ్యి తోసేసి, రెండు చేతులతో మిషన్ గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూనే తల్లి పెదాల మీద వేలు పెట్టి, మళ్లీ అనమన్నట్టు చూసింది. నాకూ కళ్లు చెమర్చాయి.

అప్పుడే ఫోన్ మోగితే బయటికొచ్చాను. పీఏగారు.

"మైకూ, రేపట్నుంచి ప్రోగ్రాం మళ్లీ మొదలు. ఆ వైరు పీకేశావు కదా? సార్ ఇంకా ఉలిక్కిపడుతున్నారు."

"హలో... సార్... మీ శబ్దం వస్తోంది సార్, మాటే చేరట్లేదు," అని పెట్టేశాను.