ఐదో అరెస్టు

"వాడు తాగుతలేడు. గదే నాకు బుగులైతుంది," అన్నది భూమవ్వ, వాకిలి ఊడుస్తూ, ఎవరూ అడగకుండానే.

ఆమె కొడుకు అంతయ్య ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు కూలీ. తాగి బజారున పడినందుకు పోలీసులు వాణ్ని నాలుగుసార్లు ఎత్తుకపోయారు. ఇప్పుడు పందొమ్మిది రోజులుగా చుక్క ముట్టలేదు. తెలివితక్కువ తల్లయితే సంతోషించేది. భూమవ్వ ముందుచూపు గల మనిషి. సొంతంగా మానినవాడు సొంతంగానే మొదలుపెడతాడని ఆమెకు తెలుసు. సర్కారు మాన్పిస్తే ఆ లెక్క వేరు.

ఆ ఏడే ఊళ్లో సర్కారు తరఫున తాగుబోతుల ఉద్ధరణ కేంద్రం వెలిసింది. పది మంచాలు, పది కంబళ్లు, ఒక నియమం: ఐదుసార్లు అరెస్టయినవారే రోగులు. నాలుగుసార్లు పడినవారు ఇంకా ఔత్సాహికులు. అధ్యక్షుడు సారా కంట్రాక్టరు; తాగేవాళ్ల గురించి ఆయనకంటే తెలిసినవారెవరు? "వారు నా కన్నబిడ్డలు. వారి వల్లనే నేనింతవాణ్నయ్యాను," అని ప్రారంభోత్సవంలో కండ్లు తుడుచుకున్నారు కూడా.

ఒక్క మంచమే ఖాళీ ఉంది. భూమవ్వ ఠాణాకు ఉరికింది.

"మా పోరన్ని ఇంకొక్కసారి పట్టుకో, సాబ్!"

జమేదార్ బాబు మియా న్యాయం తెలిసినవాడు. "తాగనోన్ని పట్టుకుంటె జులుం అయితది, అవ్వా. తాగిపిచ్చి తోలుకరా. మిగతాది నేను జూస్కుంట."

సీసా ఆమే తెచ్చింది.

"వద్దవ్వా, మానేసిన," అన్నాడు అంతయ్య.

"మందనుకో బిడ్డా. గా మంచం దొరికెదాక జర తాగు."

మొదటి గ్లాసు తల్లి కోసం తాగాడు. మూడోదానికి ఎవరూ బతిమాలనక్కరలేకపోయింది. చౌరస్తాలో ఐదో అరెస్టు నియమబద్ధంగా జరిగింది.

చికిత్స ఇరవైయొక్క రోజులు. పొద్దున భజన, మధ్యాహ్నం నీతిబోధ, సాయంత్రం ప్రమాణం, రాత్రి తాళం. చివరి రోజు సభ, పూలదండ, నయమైనట్టు ముద్ర వేసిన కాయితం. ఇన్నాళ్లూ పనికి రాలేదని మిల్లువారు అంతయ్య చోటు మరొకరికిచ్చారు. అధ్యక్షులవారు ఆ లోటూ ఉంచలేదు. పునరావాసం కింద తమ సారా డిపోలోనే సీసాలు కడిగే కొలువిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది భూమవ్వ.

ఇంటిదారిలో ఆమె కాయితాన్ని కొంగున భద్రంగా ముడేసుకుని అడిగింది: "ఇగ తాగవు గద, బిడ్డా?"

మిల్లు దాటారు. ఠాణా దాటారు. బాబు మియా నవ్వుతూ చెయ్యెత్తాడు. గల్లీ మలుపులో అంతయ్య ఆగాడు.

"నేను మానేసినన్నప్పుడు నువ్వు నమ్మలే, ఎవ్వలు నమ్మలే. కాయితం జూసి అందరు నమ్మిండ్రు. తాగుతనో లేదో దాన్నే అడుగు, అవ్వా."