శెనక్కాయ పొట్టు ఊట

1996లో ఒక సోమవారం. ప్రేమలత వేసుకున్న పథకం సాదాసీదాది. ఆరున్నర బస్సు హిందూపురంలో ఎక్కాలి, తొమ్మిదికి ధర్మవరంలో దిగాలి, పదింటికి అక్కడి ప్రాజెక్టు ఆఫీసులో, బెంగుళూరు నుంచి వచ్చే పరిశీలకుడి ముందు, వేరుశనగ పొట్టు పులియబెట్టిన ఊట ఉన్న ఇరవై లీటర్ల క్యాను పెట్టాలి. అందులో నాలుగు శాతం ఆల్కహాలు తేలితే ఆమె పరిశోధన బతుకుతుంది. తేలకపోతే ఆ రోజుతో ప్రాజెక్టు మూత. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ మూడేళ్లుగా పడిన కష్టం అది. శనివారం కొలిస్తే ఊట మూడు శాతం దగ్గరే మొండికేసింది. రాష్ట్రమంతా మద్యనిషేధం నడుస్తున్న రోజుల్లో, బస్సులో ఇదేమిటని ఎవరైనా అడుగుతారన్న సంగతి మాత్రం ఆ పథకంలో లేదు. మరీ ఎక్కువ చదువుకుంటే ఇలాంటివి తట్టవు కాబోలు. అనుమతి కాగితాలన్నీ శ్రద్ధగా ముందే ధర్మవరం ఆఫీసుకు పోస్టు చేసేసింది కూడా.

తోడుగా బయల్దేరిన నాయన హనుమంతు రిటైరైన బస్సు కండక్టరు. క్యానులో ఉన్నదేమిటో ఆయనకు అంతకుముందే చెప్పింది. ఒక బాక్టీరియాకు వేరుశనగ పొట్టులోని చక్కెరలన్నీ తినడం వచ్చు, ఆల్కహాలు చేయడం సరిగా రాదు. ఇంకోదానికి ఆల్కహాలు చేయడం బాగా వచ్చు, తిండి దగ్గర మాత్రం వంద వంకలు. దీని జన్యువులు తీసి దానిలో పెట్టారు. ఇక పొట్టు పారేయనక్కర్లేదు, బండ్లకు ఇంధనమవుతుంది. హనుమంతు అంతా విని, తిండిపోతు అల్లుడికి పని నేర్పినట్టన్నమాట అని తేల్చుకున్నాడు. ఆయనకు అంతకన్నా అక్కర్లేదు.

క్యాను ఎక్కించగానే కండక్టరు బాలాజి అడ్డొచ్చాడు. "ఏమప్పా, దీంట్లో ఏముండాది?"

ముప్పై ఏళ్ల సర్వీసులో బస్సులో ఏది ఎక్కించవచ్చో, ఏది కూడదో హనుమంతుకు కంఠతా వచ్చు. నిజం చెబితే క్యాను కిందికి దిగుతుంది. అందుకని తొణక్కుండా "పశువుల మందు" అన్నాడు. పైగా తన పాత హోదాతో డ్రైవరు పక్కన, ఇంజిను మీద దానికి మంచి చోటు ఇప్పించాడు. ప్రేమలత నోరు తెరవబోతే కళ్లతోనే కసిరాడు.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! ముందు సీట్లో తలుపుల అనే ఊరి నుంచి వచ్చిన అక్కమ్మ అనే పెద్దావిడ ఉంది. సారాకు వ్యతిరేకంగా ఊరి ఆడవాళ్లను కూడగట్టి, బట్టీలు పగలగొట్టించిన మనిషి. ఆవిడ ఎనుము నాలుగు రోజుల నుంచి మేత ముట్టడం లేదట. ఒక చెంబుడు మందు పోయమంది. ఇది మేత ముట్టనివాటికి కాదన్నాడు హనుమంతు. మరి దేనికని వెనకాయన అడిగాడు. గాలికుంటు జబ్బుకు అని నోటికొచ్చింది చెప్పాడు. వెనకాయన ఆవుకు సరిగ్గా ఆ జబ్బే. చివరికి బాలాజి కూడా తన దూడ సంగతి చెప్పి ఖాళీ సీసా తీశాడు. సోమందేపల్లి వచ్చేసరికి క్యాను చుట్టూ నలుగురు సీసాలు పట్టుకుని నిలబడ్డారు, హనుమంతు ఒక్కొక్కరికీ మోతాదులు చెబుతున్నాడు. ప్రేమలతకు తల కొట్టుకోవాలనిపించింది.

బస్సు ఒక గుంతలో పడింది. ఇంజిను వేడికి ఉబ్బి ఉన్న క్యాను మూత ఎగిరిపోయి, నురగ బుసబుసమని డ్రైవరు కాళ్ల మీదికి దిగింది. వాసన బస్సంతా పాకింది. ఏడాదిన్నరగా ఆ వాసనకు నోచుకోని ముసలాళ్లిద్దరు వెనక సీట్లో నిద్రలేచి కూర్చున్నారు.

అక్కమ్మ లేచి నిలబడింది. "ఇది మందు కాదు, సారా ఊట. బస్సును నేరుగా స్టేషనుకు పోనీ నాయనా."

పెనుకొండ ఎక్సైజు స్టేషను ముందు నిండు బస్సు ఆగడం అక్కడివాళ్లకు కొత్త. సాక్షులు ముప్పై ఎనిమిది మంది, అందరూ ఒకేసారి మాట్లాడేవాళ్లే. ఎస్సై వెంకటేష్ గోల ఆపించి, చేసిందెవరని అడిగాడు. కూతురి ఉద్యోగం పోతుందని హడలిపోయిన హనుమంతు, తానే కాచానని ఒప్పేసుకున్నాడు. ఎట్లా కాచావంటే తిండిపోతు అల్లుడి కథ మొదలుపెట్టాడు. ప్రేమలతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేసింది తానూ కాదు, నాయనా కాదు, బాక్టీరియా అని ఉన్న నిజం చెప్పేసింది. దాంతో వెంకటేష్‌కు ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఊటను పారబోయమన్నాడు.

ప్రేమలత వెళ్లి క్యానును రెండు చేతులా వాటేసుకుని నేల మీద కూలబడింది. "నన్ను లోపల పెట్టండి సార్, పర్వాల్యా. దీన్ని మాత్రం నీడన పెట్టండి. మూడేండ్లు దీనికోసమే బతికినాను."

అక్కమ్మ కూడా ఆ మాటకు చూపు తిప్పుకుంది.

వెంకటేష్ నెమ్మదించాడు. ఎలాగూ పారబోసే ముందు కొలిచి పుస్తకంలో రాయాలి. ఆయన కానిస్టేబులు కాస్త ఊట వడగట్టి, కాచి, ఆవిరి చల్లార్చి, గాజు కొలబద్ద ముంచి చూసి నాలుగున్నర శాతం అన్నాడు.

"నాలుగున్నరా?" ప్రేమలత చటుక్కున లేచింది. "ఇంకోసారి చూడు అన్నా, నీ పుణ్యముంటాది."

రెండోసారీ నాలుగున్నరే. ఆమె పక్కున నవ్వి, ఏడ్చి, నాయనను పట్టుకుని ఊపేసింది. ల్యాబులో ఏసీ చలికి ముడుచుకున్న బాక్టీరియా ఇంజిను వేడికి ఒళ్లు విరుచుకుని పనిచేసింది మరి. ఆ అంకె కాగితం మీద రాసి, సంతకం చేసి, సీలు వేసి ఇమ్మని ఎస్సైని వేడుకుంది. తన మీద సాక్ష్యానికి తానే సీలు అడిగే నేరస్థురాలిని వెంకటేష్ పదిహేనేళ్ల నౌకరీలో చూడలేదు. ఏదో తేడా ఉందనిపించి, ఆమె చెప్పిన ధర్మవరం ఆఫీసుకు ఫోను చేశాడు.

మధ్యాహ్నానికి పరిశీలకుడు జీపులో అనుమతి కాగితాలతో సహా వచ్చాడు. ఎక్సైజు వారి కాగితం రెండుసార్లు చదివాడు. ఎవరి ఊటకు వాళ్లు రాసుకున్న అంకెలు చూసి చూసి ఆయనకు విసుగొచ్చిందట. పారబోయడానికి వచ్చినవాళ్లు రాసిన అంకెను కాదనడమెలా అని, ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు పొడిగిస్తున్నట్టు అక్కడే సంతకం పెట్టాడు. హనుమంతు అప్పుడు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

ఇది తాగడానికి కాదు, బండ్లకని తెలిసి అక్కమ్మ కూడా చల్లబడింది. "ఆ మాట ముందే చెప్పుంటే నేనే పట్టుకోని కూర్చుంటాంటి గదమ్మా" అంది. ఎనుము సంగతి మాత్రం ఇంకెవరినైనా అడుగుతానంది.

మిగిలింది వెంకటేష్ బాధ ఒక్కటే. నంబర్లు వేసిన కేసుల పుస్తకంలో పేజీ చింపడానికి లేదు, ముద్దాయి గడి ఖాళీగా వదలడానికీ లేదు. చివరికి 'బాక్టీరియా' అని రాసి, తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని పెట్టాడు. ముద్దాయి హాజరు కానందున ఆ కేసు ఇప్పటికీ వాయిదా పడుతూనే ఉంది.