మొహింగా గిన్నెలో బల్లి

బుధవారం పొద్దున్న సత్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకి ఇల్లు వదలాలి. బర్మాలో, రేవు పక్కనున్న బోటాటౌంగ్‌లో తమ సందు మొదట్లో ఉన్న మ్యా మ్యా కొట్లో, చేపల పులుసులో బియ్యపు సేవలు వేసిన మొహింగా తినాలి. ఏడున్నరకల్లా స్నేహితురాలు హ్నిన్‌తో కలిసి లెక్కల ట్యూషనుకి చేరుకోవాలి. ఈ మధ్యలో, ఎవరి కంటా పడకుండా, ఒక్క ప్రార్థన చేసుకోవాలి.

చిక్కంతా ఆ చివరి దానితోనే. మొన్న ఆదివారం యువజనుల కూటంలో పాస్టరు గారు, "దేవుడికే మొదటి చోటు అని అందరూ అంటారు. మీ రోజులో ఏ పని ముందు ఆయనకి చోటిస్తారో ఒక్కటి చెప్పండి, చాలు" అన్నారు. పదిహేనేళ్ళ సత్యశ్రీ అందరికంటే ముందు లేచి, "నేను ఎక్కడ తిన్నా ప్రార్థన చేసుకునే తింటానండి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఆమె కళ్ళ ముందు మెదిలింది ఇంట్లో వంటగది. మ్యా మ్యా కొట్టు సంగతి ఆమెకి సోమవారం పొద్దున్న గాని గుర్తు రాలేదు.

ఆ కొట్లో రోజూ ఎదురుగా కూర్చుని తినే హ్నిన్ బౌద్ధుల పిల్ల. నోరు తెరిస్తే నవ్వు. ఆ నవ్వు తన మీద పడితే ట్యూషనులో అందరికీ చేరుతుందని సత్యశ్రీ భయం. అందుకని సోమవారం చెప్పు వారు సరిచేసుకుంటున్నట్టు వంగి ప్రార్థన ముగించింది. మంగళవారం నుదురు గోక్కుంటూ కానిచ్చేసింది. బుధవారానికి ఇంకా మంచి ఉపాయం తట్టింది. గిన్నె మీదకి బాగా వంగి, లోపల ఏదో వెతుకుతున్నట్టు మొహం పెట్టి, కళ్ళు చిట్లించి మూసుకుంది.

పక్క బల్ల దగ్గర దండాసి కూర్చుని ఉన్నాడు. రేవు గోదాములో కాపలా ఉద్యోగం, సంఘంలో పెద్దరికం. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. నోట్లో పెట్టుకోబోయిన చెంచా ఆపి అడిగాడు.

"ఏటమ్మా, ఏటున్నాది గిన్నెలో?"

ప్రార్థన సగంలో ఉంది. సగంలో మాట్లాడకూడదు. సత్యశ్రీ కళ్ళు తెరవకుండానే, ఆగండి అన్నట్టు అరచెయ్యి చూపించింది.

దండాసి ఆగాడు. ఆగడమే కాదు, తన గిన్నె జానెడు దూరం జరిపేశాడు.

సత్యశ్రీ తలెత్తేసరికి ఆయన చూపు ఆమె మీదే ఉంది. "ఏటి కనపడినాదే?"

"ఏటీ లేదు మావయ్యా," అంది సత్యశ్రీ. ఎదురుగా హ్నిన్ ఉంది. సత్యశ్రీ చెవులదాకా ఎరుపెక్కి, తల దించుకుంది.

దండాసి వెనక్కి వాలి, తన వెనక కూర్చున్న సైకా రిక్షా తొక్కే అతనితో బర్మా భాషలో గుసగుసలాడాడు. "పాపం, మ్యా మ్యాకి మాట వస్తుందని దాస్తోంది. అందులో ఏదో ఉంది."

ఆ 'ఏదో' మొదటి బల్ల దగ్గర వెంట్రుక. రెండో బల్ల దగ్గర ఈగ. కొట్టు మధ్యకి వచ్చేసరికి బల్లి తోక, గుమ్మం దగ్గరకి చేరేసరికి నిండు బల్లి.

గుమ్మం దగ్గర కూర్చున్నది సీతాదేవి. మనవడి మొదటి పుట్టినరోజుకి నూటయాభై గిన్నెల మొహింగా చెప్పాలని, ముందు రుచి చూడ్డానికి తన్లిన్ నుంచి బస్సులో వంతెన దాటి వచ్చింది. మ్యా మ్యా రెండు రోజులుగా కొట్టుకి వచ్చిన అందరికీ ఆ పుట్టినరోజు సంగతే చెబుతూ ఈవిడ కోసం ఎదురు చూస్తోంది. అంత పెద్ద ఆర్డరు ఈ కొట్టుకి ఎప్పుడూ రాలేదు. సీతాదేవి చెంచా కింద పెట్టి, చీర కొంగుతో మూతి తుడుచుకుని, లేచి ఎదురుగా ఉన్న బస్సు స్టాపులోకి వెళ్ళి నిలబడింది.

మ్యా మ్యా తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. ఆవిడకి ఏ భాషలో గుసగుసలాడినా దాగదు. చిల్లుల గరిటె తీసుకుని పెద్ద డేగిసాలో అడుగు నుంచి దేవసాగింది. అరటి దవ్వ ముక్కలు వచ్చాయి, ఉల్లిపాయలు వచ్చాయి, చేప వచ్చింది. బల్లి రాలేదు. కానీ కొట్టు యజమానే వెతుకుతోందంటే బల్లి ఉన్నట్టే కదా అని, అంతదాకా తింటున్న నలుగురు కూడా లేచిపోయారు.

ఈలోగా దండాసి బాధ్యత గల మనిషి గనక సత్యశ్రీ నాయనమ్మ మంగాయమ్మకి ఫోను చేశాడు. ఇల్లు సందులోనే. ఆవిడ అయిదు నిమిషాల్లో ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఇంకో చేత్తో చెంబెడు ఉప్పునీళ్ళు పట్టుకుని దిగింది.

"తాగీ! బేగి తాగీయే గుంటా! అంతా కక్కీయాల!"

"నాయనమ్మా, నానింకా తిన్లేదే!"

"తిన్లేదని బల్లికి తెలుసేటి? తాగు!"

చెంబు అంచు పెదాలకి తగిలినప్పుడు సత్యశ్రీ చూపు నాయనమ్మ భుజం మీదుగా మ్యా మ్యా మీద పడింది. మ్యా మ్యా గరిటె పక్కన పెట్టేసి, ఖాళీ స్టూళ్ళని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ఏడవడం లేదు. కొట్టు మూసేటప్పుడు సాయంత్రం ఎలా పేరుస్తుందో అలాగే, మెల్లగా పేరుస్తోంది. ఇంకా ఏడు కూడా కాలేదు.

సత్యశ్రీ చెంబు పక్కకి తోసి లేచి నిలబడింది.

"బల్లీ లేదు, ఏటీ లేదు! నాను పార్దన సేసుకున్నాను, అంతే!"

అర్థం కాని వాళ్ళ కోసం అదే మాట బర్మా భాషలో మళ్ళీ చెప్పింది. హ్నిన్ వైపు మాత్రం చూడలేదు.

దండాసి తల అడ్డంగా ఊపాడు. "పార్దనేటి, అలాగ గిన్నెలోకి తొంగి సూసి సేత్తారేటి? సంగప్పెద్దని, నాకు తెల్దేటి?"

"దాసుకుని సేసినాను మావయ్యా. ఎవులైనా నవ్వుతారని."

ఆ గొంతు బస్సు స్టాపు దాకా వినిపించినట్టుంది. బస్సు వచ్చినా సీతాదేవి ఎక్కలేదు. రోడ్డు దాటి వచ్చి, సత్యశ్రీ ముందున్న గిన్నె వైపు చూపించింది.

"అలగైతే, నా ఎదర తిను."

సత్యశ్రీ కూర్చుంది. గిన్నె చల్లారిపోయింది, సేవలు పులుసంతా పీల్చుకుని ఉబ్బి ఉన్నాయి. చెంచా తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది. ఈసారి రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేసింది. భయంతో మాటలు వరసగా రాలేదు. ఆహారానికి వందనాలు చెప్పింది, వండిన మ్యా మ్యా అత్త చేతుల్ని దీవించమంది, తాను దాక్కున్నందుకు క్షమించమంది, ఆపైన ఏం అడగాలో తోచక ఆ పుట్టినరోజు పిల్లవాడిని కూడా దీవించమంది. సైకా అతను ఎందుకైనా మంచిదని టోపీ తీశాడు.

"ఆమెన్," అని, గిన్నెలో ఒక్క సేవ మిగలకుండా తిన్నది.

సీతాదేవి ఖాళీ గిన్నె చూసి, మ్యా మ్యా పేర్చిన స్టూళ్ళలో పైది తీసి వేసుకుని కూర్చుంది. "నాకూ ఒక గిన్నె పెట్టమ్మా. ఏడిగా." అది పూర్తిచేశాక నూటయాభై గిన్నెలు కాస్తా రెండొందలు చేసింది. మనవడి కోసం ప్రార్థన చేసిన పిల్లని కూడా పుట్టినరోజుకి తీసుకురమ్మంది. లేచిపోయిన నలుగురూ ఏమీ జరగనట్టు వచ్చి కూర్చున్నారు.

మంగాయమ్మ చెంబుతో దండాసి వైపు తిరిగింది. "బాబూ దండాసీ, సంగప్పెద్దవి కదా. నువ్వు పార్దన సేసుకునే తింటన్నావేటి?"

"నాను... లోలోపల సేసుకుంతాను పిన్నీ."

"మరి దాని లోలోపల నీకు కనపడనేదేం?"

దండాసి గిన్నె దగ్గరకి లాక్కుని, పెద్ద శ్రద్ధగా చేతులు జోడించాడు.

ట్యూషను దారిలో హ్నిన్ అడిగింది. "నా దగ్గరా దాచావు? మా ఇంట్లో పొద్దున్నే బుద్ధుడి ముందు అన్నం పెట్టాకే అమ్మ మా కంచాల్లో పెడుతుంది. నేనెందుకు నవ్వుతానే?"

సత్యశ్రీ హ్నిన్ చెయ్యి పట్టుకుని నడిచింది.

"కానీ బల్లికి మాత్రం నవ్వుతాను," అంది హ్నిన్. ఇద్దరూ ట్యూషను మెట్లెక్కే వరకూ నవ్వుకుంటూనే ఉన్నారు.

అరగంట ఆలస్యం ఎందుకయిందో ఇద్దరూ మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన అంతా ఓపిగ్గా విని, ఇద్దర్నీ బయట నిలబెట్టాడు.