గోడవతలి వంకాయలు

నాకు అసూయ లేదు. గోడవతల టైలరుగారి వంకాయ మొక్కలు ఎండిపోవాలని కోరుకున్నానంతే. దాన్ని అసూయ అంటారేమో మీరే చెప్పండి.

ఇద్దరిదీ ఒకే ఇసుక నేల. కాకపోతే మా దొడ్డి కాస్త మెరక. రోజూ ట్యూబు పెట్టి దొడ్డంతా ముంచెత్తినా నా మొక్కలు చీపురుపుల్లల్లా నిలబడ్డాయి. ఆయనవి విరగకాశాయి.

"అన్నయ్యగారిది మంచి హస్తవాసి," అంది మా ఆవిడ, ఆయనిచ్చిన వంకాయల్ని ఒళ్ళో పెట్టుకుని.

"నా చేతికేమైంది?"

"మీ చేతికేం, బంగారం. మొక్కలకే నచ్చలేదు."

ఆ వంకాయల్ని చూసినంత మురిపెంగా పెళ్ళయ్యాక ఆవిడ నావంక చూసిన గుర్తు లేదు. నా కాయ చూసి ఒక్కసారి 'బాగుంది' అనాలి. అందుకని ఎరువు రెట్టింపు చేసి, నీళ్ళు మరింత వదిలాను.

టైలరుగారు గోడ మీంచి తొంగిచూశారు. "మీ రుణం తీర్చుకోలేనండీ. ఇసుకలో మీరు పోసిందంతా మావైపే దిగుతోంది, ఎరువుతో సహా. నేను నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో."

నాకు ఒళ్ళు మండింది. ట్యూబు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను.

"మరి మన మొక్కలు?" అంది మా ఆవిడ.

"ఎండనీ. ఆయనవీ ఎండుతాయిగా."

"బీరువాలో నా చీరలు తడుస్తాయండీ."

"తడవనీ."

ఆ పంతంతో చాలా రోజులు దొడ్డి మొహం చూడలేదు. ఒక ఆదివారం టైలరుగారు సంచీతో, దిగులు మొహంతో వచ్చారు. మొక్కలు పోయాయట. అయ్యో పాపం అంటూనే లోపల గంతులేశాను.

మా ఆవిడ ఇద్దరికీ వంకాయ కూర వడ్డించింది. సంచీలో తెచ్చిన ఆయన చివరి కాయలే అనుకున్నాను.

"ఎలా ఉందండీ?"

"చప్పగా ఉంది. నిండా గింజలు. పెంచినవాడికి చేతకాదని నమిలితేనే తెలుస్తోంది."

టైలరుగారు నమలడం ఆపారు. "నాకు బాగానే ఉందండీ. ఎలా పెంచారో చెల్లెమ్మని అడుగుదామనే, కుట్టిన జాకెట్లు ఇచ్చే వంకతో వచ్చాను."

"ఏముందన్నయ్యగారూ. పొద్దునో చెంబుడు, సాయంత్రమో చెంబుడు. మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు కప్పాను. ఇసుకలో ఒకేసారి పోస్తే నిలవదుగా." మా ఆవిడ నావైపు తిరిగింది. "మీరు నాటిన మొక్కలే కదా, బాగున్నాయందామనే అనుకున్నానండీ. మీకే నచ్చలేదాయె."

నేను కంచం చాపేలోగా గిన్నెలో మిగిలిన కూరంతా ఆయన కంచంలో పడింది. నాది ఏదైనా అటే దిగుతుంది మరి.